పెదతండ్రిగారి పద్దు పుస్తకము

మా పెదతండ్రిగారు గతించి కొలది మాసములైనది. వారికి తొంబదేండ్లు. పండుటాకు రాలినదని బంధువులు మమ్ము ఊరడించిరి. ఆ మాట నిజమే. అయినను వారి చేతులమీద పెరిగిన మా నలుగురు అన్నదమ్ములకు, అక్కచెల్లెండ్రకు ఇంటి నడిమి దూలము ఒరిగినట్లే యున్నది. పత్రికకు ఏమైన వ్రాయుడని ఉపాధ్యాయులు కోరినపుడు, ఈ పాఠశాలలో మమ్ము చేర్చినవారే వారు గనుక, వారినిగూర్చి గాక వేరొకటి వ్రాయుటకు మాకు చేయి రాలేదు.

పెదతండ్రిగారు 1935లో బరంపురమున జన్మించిరి. అప్పటికి గంజాము జిల్లా మద్రాసు రాజధానిలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు మా ఊరు అందు చేరినది. "పుట్టింది మద్రాసులో, నడక నేర్చింది ఒరిస్సాలో. మధ్యలో మా అమ్మ ఉయ్యాల కట్టిన దూలం మాత్రం మారలేదురా" అని వారు నవ్వెడివారు.

మాది పట్టునేత యిల్లు. చీర అంచున గుడిగోపురములు వరుసదీరినట్లు కనబడు కుంభములు బరంపురపు పట్టునకు గుర్తు. పెదతండ్రిగారు గుంటమగ్గములో కాళ్లు వ్రేలవేసి ఆ అంచు నేయుచుండగా, మేము చెంత కూర్చుండి కండెలు చుట్టుచు చదువు నేర్చితిమి. మా తండ్రిగారు రైల్వేలో పనిచేయుచు ఊరూరు మారుచుండుటచే మా చదువు సంధ్యలు వారి పాలబడినవి. నాడె ఒకసారి అటు పోయి వచ్చులోపల ఒక అక్షరము పలుకవలెను. మేము తడబడి నిలిచితిమా, నాడెయు నిలిచెడిది. మగ్గము నిలిచిన కూలి నిలుచునని పెదతల్లిగారు వంటయింటినుండి కేకవేసెడివారు. ఆమె కేకకు జడిసియే మాకు గుణింతములు త్వరగా వచ్చినవని ఇప్పుడు తోచుచున్నది.

ఒరియా అక్షరములను గూడ వారే నేర్పిరి. "ఒరియా అక్షరం గొడుగు వేసుకుంటుంది, తెలుగు అక్షరం తలకట్టు కట్టుకుంటుంది. ఇద్దరూ ఒక వీధివాళ్లే" అనెడివారు. వీధిలో ఎవరికి అర్జీ కావలసినను ఒరియాలో వారే వ్రాసిపెట్టెడివారు. సాయంకాలము పొరుగింట జగన్నాథదాసుగారి భాగవతము చదువుచుండగా వినివచ్చి, రాత్రి మా యింట పోతనగారి భాగవతము తెరచెడివారు. రెంటిలో ఏది గొప్పదని మాలో ఒకరము అడిగితిమి. "రెంటిలోనూ ఏనుగు మొసలికే చిక్కింది కదురా, ఇక గొప్పేమిటి" అని దీపము ఎగద్రోసి చదువ మొదలిడిరి.

రెండేండ్లకొకసారి బుఢీ ఠాకురాణి జాతర వచ్చును. అమ్మవారు గుడి విడిచి, నేతవారి పెద్దయైన దేశీ బెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్లు వచ్చి, ఇంచుమించు నెలదినములు ఉండును. పులివేషములు చూపుటకు పెదతండ్రిగారు మమ్ము భుజములమీద నెక్కించుకొని తిరిగెడివారు. అమ్మవారు మరలిపోవు రాత్రి మాత్రము మాటలాడెడివారు కారు. వారికి సంతానము లేదు.

మమ్ము బడిలో వేయవలసి వచ్చినపుడు ఇంట పెద్ద వాదమే జరిగినది. మా తండ్రిగారు ఇంగ్లీషు బడి అనిరి. "ఒరియా వీధిలో వస్తుంది. ఇంగ్లీషు అవసరం పడితే వస్తుంది. తెలుగు ఎక్కణ్ణించి వస్తుందిరా తమ్ముడూ, నేనెన్నాళ్లుంటాను?" అని పెదతండ్రిగారు అడిగిరి. తండ్రిగారు మారుపలుకలేదు.

ఇంతవరకు వ్రాసినది సుఖముగానే వ్రాసితిమి. వ్రాయవలసినది వేరే యున్నది.

1986 వేసవిలో విశాఖపట్టణమున ఒక పెండ్లికి పోతిమి. మాలో పెద్దవాడు అప్పుడు పదవ తరగతి ముగించెను. విందులో పెదతండ్రిగారు మా వరుసలోనే కూర్చుండిరి. వడ్డించు బాలునితో, "బాబూ, టికే చారు పొయ్యి" అనిరి. టికే యనగా ఒరియాలో కొంచెము. మా యింట అది మామూలు మాట. అది తెలుగు కాదని మాకెన్నడును తట్టలేదు. ఆ బాలుడు తెల్లబోయి చూచెను. ఎదుటి పంక్తిలోని మా యీడు పిల్లలు గొల్లున నవ్విరి. "మీ పెదనాన్నది ఏ భాషరా?" అని ఒకడు మమ్మడిగెను.

మేమును నవ్వితిమి.

మాకును తెలియనట్లు, మేమును వారివంటివారమే యైనట్లు, నలుగురము నవ్వితిమి. పెదతండ్రిగారు ఒక్కసారి మావంక చూచి, తల వంచుకొని భోజనము ముగించిరి. తిరుగుప్రయాణములో ఇచ్ఛాపురము దాటువరకు కిటికీచెంత మౌనముగా కూర్చుండిరి. బరంపురము స్టేషనులో దిగిన వెంటనే ఎప్పటివలె మాకు తినుబండారములు కొనిపెట్టిరి. వారు మరచిరని తలచి మేమును మరచితిమి.

వారు మరువలేదు. ఆనాటినుండి మా స్నేహితులు గాని, కోస్తా బంధువులు గాని వచ్చినపుడు వారి మాట మందగించెడిది. ఒక మాట నోట మెదలును. దానిని లోపలికి త్రిప్పుకొని, మరియొకటి వెదకి పలికెడివారు. వయసుచే వచ్చిన మాంద్యమని మేమనుకొంటిమి. ఏబదియొకటవ యేట ఏమి మాంద్యము! అది ఆలోచించు తీరిక మాకు లేదు. చదువులు, ఉద్యోగములు, ఊళ్లు మారుటలు.

వారు పోయిన తొమ్మిదవనాడు, తీర్చవలసిన బాకీలేమైన నున్నవాయని చూచుటకు వారి పెట్టె తెరచితిమి. బాకీలు లేవు. నేతకాలపు పద్దు పుస్తకములున్నవి. షావుకారు ఇచ్చిన పట్టునూలు, అప్పగించిన చీరలు, అన్నియు గుండ్రని తెలుగు లిపిలో వ్రాసియున్నవి. ఒక పుస్తకమును చివరినుండి త్రిప్పగా రెండు వరుసల మాటలు కనబడినవి. పైన 1986 అని వ్రాసిరి. ఎడమవైపు ఒరియా మాట తెలుగు లిపిలో, కుడివైపు తెలుగు మాట. మొదటి పంక్తి యిది: టికే — కొంచెము. పిమ్మట ఆళు — బంగాళాదుంప. పాణి — నీళ్లు. పుటలు త్రిప్పినకొలది మాటలే. మాకు గుణింతములు నేర్పిన మనుష్యుడు మా యెదుట తప్పు రాకుండుటకై ఏబదియొకటవ యేట తనకుతాను వాచకము వ్రాసికొనెను.

నాలుగవ పుటలో "అభిమాన" అని యున్నది. తెలుగున అభిమానమన్న ప్రేమ, ఆదరము. ఒరియాలో దానికి వేరొక పోకడ గలదు: తనవారే తన్ను చిన్నబుచ్చినపుడు మనసున కలుగు నొప్పి, పరులమీద రాదు. ఎదుట అలుక అని వ్రాసి కొట్టివేసిరి. కినుక అని వ్రాసి కొట్టివేసిరి. పిమ్మట ఖాళీగా విడిచిరి. మాలో చిన్నది ఆ పంక్తి చదివి పుస్తకము మూసి ఒడిలో పెట్టుకొన్నది. చాలసేపటివరకు ఎవరమును లేవలేదు.

పండ్రెండవనాడు విశాఖపట్టణపు బంధువులును వచ్చిరి. వచ్చినవారందరు భుజించిన పిదప మేము నలుగురము ఒక వరుసలో కూర్చుంటిమి. వారి పిల్లవాడొకడు చారు గిన్నెతో వచ్చెను.

"టికే చారు పొయ్యి బాబూ" అని మాలో పెద్దవాడు అడిగెను.

పిల్లవాడు నిలిచి, "ఏమిటండీ?" అనెను.

"టికే అంటే కొంచెం, బాబూ. మా పెదనాన్న మాట."

వాడు తలయూపి పోసెను. మేము ముగ్గురమును అట్లే అడిగితిమి.