తాడు లాగితే... తాతల నాటి మోటారు!

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రాన్ని పటంలో చూస్తే ఎవరో నీళ్లు చిలకరించినట్టు ఉంటుంది. మంచుయుగంలో హిమానీనదాలు కరిగిపోతూ వదిలిన గుంటలే నేటి సరస్సులు. చిన్నా పెద్దా కలిపి 15 వేలకు పైమాటే! ఈ ఒడ్డున ఉన్న ఇళ్ల షెడ్లలో పడవలతో పాటు మరో వస్తువూ కనిపిస్తుంటుంది. గోడవార దుమ్ముకొట్టుకుపోయి, బల్లకు వేలాడుతున్న పాత మోటారు. తాతలు చేపల వేటకు వాడింది. పారెయ్యడానికి మనసొప్పదు. తిరుగుతుందో లేదో తెలియదు.

దాని పేరు ఔట్‌బోర్డ్ మోటారు. పడవ వెనక చెక్కకు మరలతో బిగిస్తారు. పనయ్యాక విప్పి ఇంటికి పట్టుకుపోతారు. పైన ఇంజిను, మధ్యలో పొడవాటి కాలు, అడుగున నీళ్లలో తిరిగే పంకా. అంతే!

ఐస్‌క్రీమ్ తెచ్చిన తంటా

ఈ మోటారు ఇంటింటి వస్తువు అయింది ఇక్కడే. నార్వే నుంచి అయిదేళ్ల వయసులో ఇక్కడికి వచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ మిల్వాకీ నగరంలో పనివాడు. ఇనుముతో పోతపోసే వస్తువులకు చెక్క నమూనాలు చెక్కేవాడు. 1906లో ఓ వేసవి రోజు నగరానికి పడమరన ఉన్న ఒకౌచీ సరస్సుకు స్నేహితులతో కలిసి విహారానికి వెళ్లాడు. కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీమ్ కావాలంది. ఓలే తెడ్లు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లి కొనుక్కొచ్చాడు. తిరిగొచ్చేసరికి అది కరిగి నీరైపోయింది. తెడ్డు వేసే పని యంత్రానికి అప్పగిస్తే పోలేదా అన్న ఆలోచన అక్కడే పుట్టిందని చెప్పుకుంటారు.

నిజానికి ఆయనే మొదటివాడు కాదు. డెట్రాయిట్‌కు చెందిన కామెరాన్ వాటర్‌మన్ 1905లోనే ఇలాంటిది తయారుచేశాడు. కానీ సామాన్యుడు నమ్మి కొనేలా చేసింది మాత్రం ఓలే, బెస్ దంపతులే. ఆయన మోటార్లు చేస్తే, ఆమె ప్రకటనలు రాసి వ్యాపారం చూసుకుంది. 1909లో అమ్మకానికి వచ్చిన మోటారు బరువు దాదాపు 28 కిలోలు. శక్తి ఒకటిన్నర హార్స్‌పవర్. 1911లో పేటెంటు వచ్చింది.

ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్లు ఆ తర్వాత వందేళ్లకు పైగా వచ్చాయి. కంపెనీ చేతులు మారింది. మాతృసంస్థ 2000లో దివాలా తీసింది. కొన్న కొత్త యజమాని కూడా 2020లో తయారీ ఆపేశాడు. అలా ఆ పేరుతో కొత్త మోటారు రావడం ఆగిపోయింది. మరి షెడ్డులో వేలాడుతున్న ఆ పాతదాని గతేమిటి?

విచిత్రం అక్కడే ఉంది. 1950లలో చేసిన మోటార్లు ఇప్పటికీ లేచి తిరుగుతున్నాయి. కారణం... వాటిలో ఉన్నవి తక్కువ భాగాలు. మామూలు పానాలు, కాస్త ఓపిక ఉంటే విప్పి చూసుకోవచ్చు.

లేపడం ఎలా?

ముందు చూసేది ఇంజిను పట్టేసిందా లేదా అని. పైనున్న ఫ్లైవీల్‌ను చేత్తో మెల్లగా తిప్పుతారు. కదలకపోతే బలప్రయోగం కూడదు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో కాస్త నూనె పోసి నాలుగు రోజులు వదిలేస్తారు. తిరిగితే రంధ్రం మీద వేలు పెట్టి తాడు లాగుతారు. గాలి వేలిని గట్టిగా తోసిందంటే కంప్రెషన్ ఉన్నట్టే. ప్రాణం ఉన్నట్టే!

తర్వాత కరెంటు. ఫ్లైవీల్ కింద ఉండే కాయిల్ మీది పూత ఏళ్లు గడిచేసరికి పగుళ్లిస్తుంది. 1950ల మోటార్లలో ఇది మామూలు జబ్బు. ఒకే రకం కాయిల్‌ను ఎన్నో మోడళ్లలో వాడటంతో కొత్తవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. పాయింట్ల మీద పట్టిన చిలుమును సన్నగా రుద్ది తీసేస్తే నిప్పురవ్వ కొడుతుంది.

మూడోది కార్బురేటర్. తొట్టిలో మిగిలిన పాత పెట్రోలు ఎండి జిగురులా గట్టిపడుతుంది. సన్నని రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. లోపలి ఫ్లోట్ బెరడుతో చేసింది. దానిమీది లక్క పూతను ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలు కరిగించేస్తుంది. అందుకే దాన్ని మార్చడమో, వేరే పూత వెయ్యడమో చేస్తారు. చివరగా ఇంజినును చల్లబరిచే నీటి పంపు. అందులోని రబ్బరు రెక్కలు గట్టిపడి ఉంటే కొత్తవి పెట్టాల్సిందే.

ఇక ఇంధనం. పాత బజాజ్ స్కూటర్‌కు పెట్రోలుతో పాటు ఆయిల్ కలిపి పోయించుకున్నవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. 1950ల మోటార్లకు చాలావాటికి 24 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్. తగ్గిస్తే లోపల అరిగిపోతుంది.

పెద్ద పీపాలో నీళ్లు నింపి, మోటారు కాలు అందులో ముంచి అప్పుడు తాడు లాగుతారు. నీళ్లు లేకుండా తిప్పితే రబ్బరు రెక్కలు నిమిషాల్లో పాడైపోతాయి. పదిసార్లు లాగినా పలకదు. పదకొండోసారి ఒక దగ్గు, నీలిపొగ... ఆపైన ఆగని టకటక! ఇంటిల్లిపాదీ షెడ్డు దగ్గరకు పరుగెత్తుకొస్తారు.

సరస్సు మీద ఓ రోజు

1965లో మొదలైన యాంటిక్ ఔట్‌బోర్డ్ మోటార్ క్లబ్ సభ్యులు ఇలా లేపిన మోటార్లను పట్టుకుని సరస్సుల దగ్గర కలుసుకుంటారు. ఒకరికి కావలసిన నట్టు మరొకరి డబ్బాలో దొరుకుతుంది. తొలినాటి మోటార్లలో గేర్లూ ఉండవు, న్యూట్రలూ ఉండదు. ఇంజిను లేచిందంటే పడవ బయల్దేరినట్టే. ఫ్లైవీల్ మీద తిప్పడానికి ఉన్న పిడి ఇంజినుతో పాటే గిర్రున తిరుగుతుంది. చెయ్యి తీయడం ఆలస్యమైతే వేళ్లు వాచిపోతాయి.

వీటికి మరో ముఖమూ ఉంది. పాత టూస్ట్రోక్ మోటార్లలో పోసిన ఇంధనంలో నాలుగోవంతు దాకా కాలకుండానే నీళ్లలో కలిసిపోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 1996లో కొత్త మోటార్లకు కఠిన నిబంధనలు పెట్టింది అందుకే. చేపలు, ఈతకొట్టే పిల్లలు ఉన్న సరస్సులో దీన్ని రోజూ తిప్పడం మంచిది కాదు. అప్పుడప్పుడూ కాసేపు తిప్పి చూసుకుని, మళ్లీ గోడకు తగిలించడమే దీనికి తగిన గౌరవం.

తగిలించే ముందు ఒక్క పని మరవకూడదు. చలికాలంలో ఇక్కడి సరస్సులు గడ్డకడతాయి. గేరు డబ్బాలో నీటిచుక్కలు మిగిలితే అవీ గడ్డకట్టి, ఉబ్బి, ఇనుమంత గట్టి డబ్బానూ పగలగొడతాయి. అందుకే పాత గేరు ఆయిల్ కిందికి వదిలి చూస్తారు. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరినట్టు. సీలు మార్చి, కొత్త ఆయిల్ నింపి, మోటారును నిటారుగా నిలబెడతారు. వసంతంలో మంచు కరిగాక మళ్లీ తాడు లాగాలి కదా!