అక్క ఈడు పాట

1980లో 'కుర్బానీ' సినిమా వచ్చినప్పుడు బొంబాయిలో మా చాల్ అంతా 'ఆప్ జైసా కోయీ' పాటే. బిద్దు లండన్‌లో రికార్డు చేసిన పాట అది. పాడిన నాజియా హసన్‌కు అప్పటికి 15 ఏళ్లే. "నా ఈడుదే!" అని అక్క సంబరపడేది. టేప్ రికార్డర్ ముందు కూర్చుని రోజూ పాడేది.

1982 సమ్మెలో గిర్నీ బంద్ అయింది. నాయిన టేప్ రికార్డర్ అమ్మి బియ్యం తెచ్చిండు. అక్క బీడీల చాట ముందు కూర్చుంది. మళ్లీ పాడలేదు.

2022లో 'యాన్ యాక్షన్ హీరో' సినిమాలో అదే పాట కొత్త గొంతులతో, కొత్త దరువుతో వచ్చింది. మనవరాలు ఫోన్‌లో పెట్టి, "అమ్మమ్మా, కొత్త పాట!" అంది. అక్క నవ్వి, పాత వరసలో మొత్తం పాడింది. ఒక్క మాట మరువలేదు.

నాజియా 2000లోనే, 35 ఏళ్లకే పోయిందని చెప్పిన. అక్క చానాసేపు మాట్లాడలేదు.

"నా ఈడుదే గద," అన్నది.