పైగది వేడి, రెండువందల యూనిట్ల గీత

మా ఇంట్లో ఏసీ అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలోనే ఉంది. ఎండాకాలం వచ్చిన చుట్టాలు పైగదిలో కాసేపు కూర్చొని, చెమటలు తుడుచుకుంటూ దిగివచ్చి, కింది గదిలో ఏసీని చూసి నవ్వుతారు. కాలే గదిని వదిలేసి చల్లటి గదికి మిషను పెట్టినోడు మల్లాపూర్‌లో నువ్వొక్కడివే అంటాడు మా బావ. లెక్క చెప్తే కొందరు నవ్వు ఆపుతారు. బావ ఆపడు.

మా పాత ఇల్లు గూనపెంకలది. దాన్ని తీసేసి స్లాబు ఇల్లు కట్టుకున్నాం. ఆ తర్వాత తమ్ముడు మస్కట్ నుంచి పంపిన పైసలతో పైన ఒక పెద్ద గది, బాత్రూం లేపాం. మా వైపు ఏ ఊరు చూసినా ఇదే తీరు. కింద అమ్మానాన్నలు, పైన గల్ఫ్ కొడుకు గది. జగిత్యాల జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇప్పుడు వార్త కూడా కాదు. ఆ ఎండంతా పైగది కప్పు మీద, పడమటి గోడ మీద పడుతుంది. కింది గదికేమో ఆ పైగదే గొడుగు.

కాంక్రీటు వేడిని నిదానంగా తాగి నిదానంగా కక్కుతుంది. పొద్దంతా తాగింది లోపలి వైపుకు దిగడానికి గంటలు పడుతుంది. అందుకే పైగది మధ్యాహ్నం మూడింటి కన్నా రాత్రి తొమ్మిదింటికి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బయట గాలి చల్లబడ్డా లోపల గోడ చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. సీలింగ్ ఫ్యానుకు చల్లబరచడం చేతకాదు, ఉన్న గాలిని కదుపుతుందంతే. కప్పు కింద పేరుకున్న వేడిగాలిని మంచం మీదికి తోస్తుంది. చిన్న థర్మామీటర్ ఒకటి తెచ్చి రెండు గదుల్లోనూ రాత్రి తొమ్మిదింటికి చూశాను. పైన 38, కింద 34.

పెళ్లాం పిల్లలతో సెలవు మీద వస్తున్న తమ్ముడికి ఈ అంకెలు చెబితే, "అన్నా, పైసల గురించి సూడకు, ఒకటిన్నర టన్నుది పైన పెట్టియ్యి" అన్నాడు. వాడి మాటలో తప్పులేదు. మస్కట్‌లో వాడుండే రూంలో ఏసీ పగలూ రాత్రీ నడుస్తుంది, కరెంటు బిల్లు కంపెనీ కడుతుంది. బిల్లు కంటబడని చోట బతికినోడికి ఏసీ ఖరీదంటే షాపులో కట్టే ధరే.

మాకేమో అసలు ఖరీదు మీటరు దగ్గర మొదలవుతుంది. రాష్ట్రం పెట్టిన గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి మాకు జీరో బిల్లు. నెలకు 200 యూనిట్ల దాకా వాడితే కట్టేదేమీ ఉండదు. ఆ గీత దాటితే దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. గీత అక్కడ ఊరికే గీయలేదు, మామూలు టారిఫ్‌లోనూ అక్కడే మెట్టు ఉంది. పథకం లేనివాళ్లకు 200 యూనిట్లకు తొలి వందకు 3 రూపాయల 40 పైసలు, రెండో వందకు 4 రూపాయల 80 పైసల చొప్పున 820 రూపాయలు అవుతుంది. 201 అయితే మొదటి 200 కూడా 5 రూపాయల 10 పైసల లెక్కలోకి మారి, బిల్లు 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ ధర 200 రూపాయల పైమాటే. ఆ పైన 300 దాకా 7 రూపాయల 70 పైసలు, 400 దాకా 9 రూపాయలు, తర్వాత తొమ్మిదిన్నర.

మా ఇంటి మామూలు వాడకం ఎండాకాలంలో 140 యూనిట్ల దరిదాపుల్లో ఉంటుంది. కాలిన స్లాబు కింద ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రికి పది యూనిట్లు తాగుతుందనుకుంటే నెలకు 300. మొత్తం 440. బిల్లు 3,070 రూపాయలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు అదనం. అప్పటిదాకా సున్నా కట్టే ఇల్లు అది. ఏసీ మీది స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఇన్ని యూనిట్లని రాసి ఉంటుంది కదా అంటారు షాపువాళ్లు. ఆ అంకె 1,600 గంటల వాడకానికి వేసింది. మా పైగది కప్పు సంగతి దానికి తెలియదు.

అందుకని తమ్ముడు పంపిన దాంట్లోంచి మొదటి ఖర్చు కప్పుకు పెట్టాను. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్లలో 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టేవాటికే అది తప్పనిసరి, మాలాంటి చిన్న ఇళ్లకు ఇష్టముంటేనే. పైగది కప్పు దాదాపు 500 చదరపు అడుగులు. పగుళ్లు పూడ్చి, ఎండను వెనక్కి కొట్టే తెల్లరంగు రెండు పూతలు వేయిస్తే కూలీతో కలిపి పది వేలు. సున్నం వేస్తే చవకే, కానీ ఒక్క వానాకాలానికే సగం కొట్టుకుపోతుంది. అమ్మకు వేరే భయం పట్టుకుంది. "మక్కలు, మిరపకాయలు ఏడ ఎండబెట్టాలె బిడ్డా?" ఆమె ఎండబోసేది కింది స్లాబు మీద, నిచ్చెనెక్కి పైకప్పు మీదికి ఎవరూ పోరు. కింది డాబా జోలికి పోనని మాటిచ్చాకే రంగు డబ్బా విప్పనిచ్చింది. పడమటి గోడకు గ్రీన్ నెట్ కట్టించాను. పాత ఫ్యాన్లు 75 వాట్లవి మార్చి 30 వాట్ల దగ్గర నడిచే బీఎల్‌డీసీవి పెట్టించాను. తర్వాత అదే వేళకు చూస్తే పైన 35న్నర. కిందికీ పైకీ ఉన్న నాలుగు డిగ్రీల తేడా ఒకటిన్నరకు వచ్చింది.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడితో ఈ ముచ్చట పెడితే వాడు నవ్వాడు, తన బాధా అదేనట. వాళ్లది రెండంతస్తుల చెక్క ఇల్లు, ఇల్లంతటికీ ఒకే మిషను. ఎంత చల్లబడాలో చెప్పే థర్మోస్టాట్ కింది హాల్లో ఉంటుంది. కింద చల్లబడగానే మిషను ఆగిపోతుంది, పైన పిల్లలు ఉడికిపోతుంటారు. ఇంకా పెద్ద మిషను పెట్టమని ఒకరు సలహా ఇచ్చారట. పెద్దదైతే కింద ఇంకా తొందరగా చల్లబడి, ఇంకా తొందరగా ఆగుతుంది. పైగదుల గతి మారదు. అటకమీది గాలి గొట్టాల అతుకుల్లో లీకులు మూయించి, కప్పు కింద ఇన్సులేషన్ మందం పెంచాకే తేడా తగ్గిందన్నాడు. అమెరికాలో మామూలు ఇంట్లో గొట్టాల గాలిలో 20 నుంచి 30 శాతం దాకా లీకుల్లోనే పోతుందని అక్కడి ఎనర్జీ స్టార్ లెక్క. వాడిది లక్షల వ్యవహారం, మాది పది వేలది. ఇద్దరం ముందు పైసలు పోసింది మాత్రం మిషను మీద కాదు.

ఇక ఏసీ. తమ్ముడు పిల్లలతో వస్తున్నాడు, వద్దనడం కుదరదు. ఒక టన్నుది కొని, పైగదికి సరిగ్గా కింద ఉన్న గదిలో పెట్టించాను. మే నెల రాత్రుళ్లు అందరం అక్కడే పడుకుంటాం, చాపలు పరిచి, పిల్లలు వరసగా. నేల చల్లగా ఉండే ఆ గదిని 27 దగ్గర పెట్టి ఫ్యాను వేస్తే రాత్రికి నాలుగు యూనిట్లు. నెలంతా నడిపినా మొత్తం 260, బిల్లు 1,482. సగం రాత్రులే నడిపితే సరిగ్గా 200, బిల్లే లేదు. ఆ సగం ఏ రాత్రులో తేల్చే అధికారం అమ్మది. నెల మధ్యలో మీటరు చూసి "ఇయ్యాల కూలరే" అంటే అప్పీలు లేదు. మా ఎండలు పొడివి కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో కిటికీలో కూలరు బాగానే పనిచేస్తుంది. వానలు పడ్డాక దానివల్ల ఒళ్లు జిగటపడటమే.

మేం కొన్నాక, 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ మాట తమ్ముడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. ఎండల్లో కావలసిన దానికి వచ్చే ఏడాది పన్ను తగ్గుతుందేమోనని కూర్చోవడం నావల్ల కాదు.

ఈమధ్య వాడు సోలార్ అంటున్నాడు. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78,000 సబ్సిడీ వస్తుంది, పలకలు కప్పుకు నీడ కూడా ఇస్తాయి. నిజమే. కానీ పది నెలలు జీరో బిల్లు వచ్చే ఇంటికి సోలార్ మిగిల్చేది ఎంత? మిగతా లక్ష ఎప్పటికి తిరిగొస్తుంది? దానికన్నా, తమ్ముడు మస్కట్ మానేసి వచ్చి వేరు కాపురం పెడితే పైభాగానికి వేరే మీటరుకు అర్జీ పెట్టుకోవడం నయం. అప్పుడు పైన వాడిష్టమొచ్చినంత ఏసీ పెట్టుకోవచ్చు, 300 యూనిట్లు వాడితే 1,790 రూపాయలు వాడి పేరు మీద. దాని కోసం లావు వైరు ఇప్పుడే లాగించి పెట్టాను. అయితే తెల్లరంగు మీద దుమ్ము పేరుకుంటే ఎండను కొట్టడం మానేస్తుంది, ఏటా ఫిబ్రవరిలో కడగాలి. ఆ నిచ్చెన ఎక్కేది కూడా వాడేనని ముందే చెప్పాను.