ఊప్స్ పుస్తకం కొనే ముందు ఒక్క మాట



సెకండియర్‌లోకి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈమధ్య ఒకటే అడుగుతున్నారు, "అన్నా, ఊప్స్‌కి ఏ పుస్తకం కొనాలి?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మేం ముగ్గురం కూర్చుని ఇది రాస్తున్నాం. ముగ్గురిదీ ఏజెన్సీయే. ఒకరింట్లో కువి, ఒకరింట్లో కోయ, ఒకరింట్లో తెలుగు మాట్లాడతారు. పదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం. ఊప్స్ పేపరు మొదటిసారి ముగ్గురం తప్పాం. కాబట్టి ఎలాంటి పుస్తకం కొనకూడదో మాకు బాగానే తెలుసు!

మొదట ఒక సీనియర్ వదిలేసి వెళ్లిన సీ ప్లస్ ప్లస్ పుస్తకం దొరికింది. డబ్బులు మిగిలాయని సంబరపడ్డాం. అందులో మొదటి ప్రోగ్రాంని ల్యాబ్‌లో అక్షరం పొల్లుపోకుండా కొట్టాం. ఎర్రర్ వచ్చింది. మళ్లీ కొట్టాం, మళ్లీ ఎర్రర్. పక్కవాళ్ల ప్రోగ్రాంలు నడుస్తున్నాయి. అడగడానికి మాకు మొహమాటం. ఆ రాత్రి మాలో ఒకడు పెట్టె సర్దేసుకున్నాడు. "మన బుర్రకి ఎక్కే చదువు కాదురా ఇది, ఇంటికెళ్లిపోతా" అన్నాడు. పొద్దున్నే బస్టాండ్ దాకా వెళ్లి వెనక్కి లాక్కొచ్చాం.

అసలు సంగతి చాలా రోజులకి తెలిసింది. ఆ పుస్తకంలో ప్రతి ప్రోగ్రాం 'ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్' అనే లైనుతో మొదలవుతుంది. 1998లో సీ ప్లస్ ప్లస్‌కి ప్రామాణిక రూపం వచ్చినప్పుడు ఆ 'డాట్ హెచ్' తీసేశారు. ఇప్పటి కంపైలర్లు చాలావరకు ఆ లైను దగ్గరే ఆగిపోతాయి. మా బుర్రలు బాగానే ఉన్నాయి, పుస్తకానికే వయసైపోయింది. ఇంత చిన్న విషయం తెలియక ఒకడి చదువు ఆగిపోయేది.

స్కాలర్‌షిప్ పడ్డాక హెర్బర్ట్ షిల్డ్ రాసిన 'జావా: ద కంప్లీట్ రిఫరెన్స్' కొన్నాం. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. ఎంత లావుంటే అంత చదువొస్తుందనుకున్నాం. పేరులోనే రిఫరెన్స్ అని ఉంది, అంటే నిఘంటువులా కావాల్సింది వెతుక్కునే పుస్తకం. మేమేమో నవల్లాగా మొదటి పేజీ నుంచి పట్టుకున్నాం. డేటా టైపులు, లూపులు దాటేసరికి సెమిస్టర్ అయిపోవచ్చింది. అది మంచి పుస్తకమే, ఇప్పటికీ మా టేబుల్ మీద ఉంది. కానీ మొదటి పుస్తకంగా పనికిరాదు.

పరీక్షల ముందు ఒక గైడు కొని బట్టీ పట్టాం. "ఎన్‌క్యాప్సులేషన్ అంటే డేటానీ, ఫంక్షన్లనీ ఒకచోట కట్టి ఉంచడం." వైవాలో మేడం "ఎందుకు కట్టాలి?" అని అడిగారు. ఒక్కరికీ నోరు పెగల్లేదు.

జవాబు ఎండాకాలం సెలవుల్లో మా ఊళ్లోనే దొరికింది. మా అమ్మవాళ్ల పొదుపు సంఘంలో లెక్కల పుస్తకం అందరి చేతికీ ఇవ్వరు. డబ్బు కట్టాలన్నా, అప్పు కావాలన్నా మీటింగ్‌లో చెప్పాలి. లెక్క రాసే ఆమె నిల్వ చూసి, సరిపోతేనే రాస్తుంది. ఎవరికి వాళ్లు వచ్చి నిల్వ అంకె దిద్దేసుకుంటే సంఘం నాలుగు రోజులు నిలవదు. ఆ నిల్వే ప్రైవేట్ వేరియబుల్. కట్టడం, తీసుకోవడం మెథడ్స్. ఎందుకు కట్టి ఉంచాలో అప్పుడు అర్థమైంది.

సంతలో కూడా అంతే. చింతపండుకి కిలోల లెక్క, చీపుళ్లకి కట్టల లెక్క. కొనేవాడు అడిగేది మాత్రం "ఎంతయింది?" అనే ఒక్క మాటే. ఏ సరుకుకి తగ్గ లెక్క దానికుంది. రేపు అడ్డాకులు వచ్చాయనుకోండి, వాటి లెక్క కొత్తగా రాసుకుంటే చాలు, పాత లెక్కలు ముట్టుకోనక్కర్లేదు. పాలిమార్ఫిజం అంటే ఇదే.

ఇంతకీ ఈ ఆలోచన పుట్టిందే బయటి ప్రపంచం నడిచే తీరుని కంప్యూటర్‌లో చూపించడానికి. నార్వేలో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అందుకోసమే సిమ్యులా భాష తయారుచేశారు. క్లాసులు, ఇన్‌హెరిటెన్స్ 1967 నాటి సిమ్యులాలోనే ఉన్నాయి. అలాంటప్పుడు మన సంత, మన సంఘం ఉదాహరణలు కాకుండా పోతాయా?

అందుకని పుస్తకం కొనే ముందు షాపులోనో లైబ్రరీలోనో నిలబడి ఈ నాలుగూ చూడండి.

ఒకటి, అందులో మొదటి ప్రోగ్రాం ఇప్పటి కంపైలర్‌లో నడుస్తుందా?

రెండు, క్లాసు అంటే ఏంటో చెప్పి ఊరుకుందా, క్లాసు లేకపోతే వచ్చే ఇబ్బంది కూడా చూపించిందా?

మూడు, ఉదాహరణల్లో రెండు మూడు క్లాసులు కలిసి పనిచేస్తున్నాయా? ఒకే క్లాసు, అందులో ఒక మెయిన్, అంతే ఉంటే లాభం లేదు.

నాలుగు, ఇన్‌హెరిటెన్స్ ఎక్కడ వాడకూడదో చెప్పిందా? జీపుకి ఇంజను ఉంటుంది, అంతమాత్రాన జీపు ఒక రకం ఇంజను అయిపోదు. ఈ తేడా చెప్పని పుస్తకం పక్కన పెట్టేయండి.

మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి క్యాథీ సియెర్రా, బెర్ట్ బేట్స్ రాసిన 'హెడ్ ఫస్ట్ జావా'. రెండో చాప్టర్‌లోనే ఇద్దరు ప్రోగ్రామర్లకి పోటీ పెడతారు. పని మధ్యలో అమీబా అనే కొత్త ఆకారం వచ్చి పడుతుంది. దాంతో ఎవరి కోడ్ ఎంత కదిలిందో చూస్తే రెండో ప్రశ్నకి జవాబు దొరికేస్తుంది. అమెరికా జోకులు మాకు సగం ఎక్కలేదు, ఎక్కకపోయినా నష్టం లేదు. 2022లో మూడో ఎడిషన్ వచ్చింది. పాత పుస్తకాల షాపులో 2005 నాటి రెండో ఎడిషన్ దొరికినా క్లాసులు నేర్చుకోడానికి సరిపోతుంది. ల్యాంబ్డాల్లాంటి కొత్తవి మాత్రం అందులో ఉండవు.

డబ్బుల్లేకపోతే అలెన్ డౌనీ 'థింక్ పైథాన్' చదవండి. రచయితే ఉచితంగా ఇచ్చారు, ఫోన్‌లో చదువుకోవచ్చు. ఇంగ్లీషు తేలిగ్గా ఉంటుంది. రెండో ఎడిషన్‌లో 15 నుంచి 18 దాకా చాప్టర్లు ఆబ్జెక్టుల గురించే.

ఏ పుస్తకమైనా ఒక చాప్టర్ అయ్యాక మూసేసి, మీ ఇంటి భాషలో పక్కవాడికి చెప్పండి. చెప్పగలిగితే వచ్చినట్టే. చెప్పలేకపోతే మళ్లీ చదవండి. అప్పటికీ రాకపోతే పుస్తకం మార్చండి, మీరు మాత్రం పెట్టె సర్దకండి.

ఆ రోజు పెట్టె సర్దుకున్నవాడు ఎక్కడున్నాడంటారా? పైన సంఘం ఉదాహరణ చెప్పింది వాడే. సప్లిమెంటరీలో ముగ్గురం పాసయ్యాం. మా 'హెడ్ ఫస్ట్ జావా' హాస్టల్ రూంలోనే ఉంది, కావాల్సినవాళ్లు పేరు రాసి తీసుకెళ్లండి. చదివాక తర్వాతివాళ్లకి ఇచ్చేయండి.