ఎదురెక్కే చేపల ఊరు

శ్రీకాళహస్తి గుడి పక్కన స్వర్ణముఖిని చూసినవాళ్లు మా పాకాల దగ్గర దాన్ని చూస్తే గుర్తుపట్టలేరు. అక్కడ అంత వెడల్పున పరుచుకున్న నది ఇక్కడ పంచె ఎగ్గట్టుకుంటే ఒక్క అంగలో దాటేసేంత. ఏడాదిలో చాలా నెలలు ఆ అంగా అక్కర్లేదు, ఉత్త ఇసుకే. పాకాల దగ్గరి కొండల్లో, సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున పుట్టి, చంద్రగిరి, తిరుచానూరు, శ్రీకాళహస్తి, నాయుడుపేట దారిన 130 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. మా పల్లెల్లో దాన్ని స్వర్ణముఖి అని పిలిచేవాళ్లు తక్కువ. ఏరు అంటాం. ఇంకా పైకి పోతే వంక.

పాకాల అనగానే తెలంగాణవాళ్లకు నర్సంపేట దగ్గరి కాకతీయుల నాటి పాకాల చెరువు మనసులో మెదులుతుంది. ఇది ఆ పాకాల కాదు. ఇది రైలు జంక్షన్ పాకాల. 1891లో కాట్పాడి నుంచి గూడూరుకు వేసిన మీటరుగేజి దారి మా ఊరి మీదుగా పోయింది, ఇక్కడే ధర్మవరం దారి చీలింది. ఆ ధర్మవరం దారి 2010 దాకా మీటరుగేజిగానే ఉండింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. మండలంలోనే ఉన్న దామలచెరువు మామిడి మార్కెట్టుకు పేరుపడ్డది. ఆ ఊరి కనుమలోనే 1740లో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ మరాఠాలతో యుద్ధం చేస్తూ చనిపోయాడు. నేను చెప్పదలుచుకున్నది మాత్రం ఆ ఊరి పేరులో సగం గురించి. చెరువు గురించి. అందులోని చేప గురించి.

ఏడాది పొడవునా పారే నది మాకు లేదు. అందుకని పెద్దలు దొరికిన ప్రతి వంకకూ అడ్డంగా కట్ట పోశారు. ఒక చెరువు నిండితే మొరవ మీదుగా నీళ్లు కింది చెరువుకు, అదీ నిండితే దాని కింది చెరువుకు, ఆఖరికి ఏటికి. గొలుసుకట్టు. చెరువు తవ్వించి కాపాడేవాళ్లకు దశబంధం పేరుతో ఇనాం భూములుండేవి. తూము తెరిచి మళ్లకు నీళ్లు పంచే నీరుగంటికి పంటలో భాగం ఉండేది. మనం ఈ గొలుసును పైనుంచి కిందికి చూస్తాం, నీళ్లు వచ్చే దారిగా. చేప కిందినుంచి పైకి చూస్తుంది. దానికది పుట్టింటి దారి.

మా దగ్గర చేపల లెక్క కార్తెలతో నడుస్తుంది. రోహిణి కార్తెలో చెరువు చచ్చిపోయినట్టుంటుంది. నడుమ గుంటలో మోకాటి లోతు నీళ్లు, వాటి చుట్టూ పగుళ్లిచ్చిన ఒండ్రు. కొరమీను గాలి పీల్చి బతికే చేప కాబట్టి నీళ్లు ఇంకిపోయినా తడిబురదలోకి దూరి కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. వేలంపాటలో చెరువు పట్టినాయన వలలు లాగేసి, ఇంక నాకేం లేదు అన్నాక ఊరు ఊరంతా గుంటలో దిగుతుంది. నా చిన్నతనంలో ఆ రోజు బడికి పోయినవాడు లేడు. పెద్దవాళ్ల చేతుల్లో ఊతలు. వెదురుబద్దలతో అల్లిన గంప, పైనా కిందా తెరుచుకుని, కిందిమూతి వెడల్పు, పైమూతి ఇరుకు. బురదనీళ్లలో దాన్ని టపీమని పొడుస్తారు. లోపల చేప పడితే బద్దలకు కొట్టుకునే దడ అరచేతికి తెలుస్తుంది. అప్పుడు పైమూతిలోంచి చెయ్యి పెట్టి తడుముకోవాలి. జెల్ల అయితే రెక్కముల్లు గుచ్చుతుంది, సాయంత్రం దాకా చెయ్యి సలుపుతుంది. కొరమీను అయితే జారిపోతుంది. పాము కూడా అయ్యుండొచ్చు, ఆ భయంతోనే తడమాలి. ఊత లేని ఆడవాళ్లు పాతచీర ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని నీళ్లలో ఈడ్చేవాళ్లు. ఆ చీరలో పడేవి పక్కెలు, పరిగెలు, వేలెడంత చేపలు.

మృగశిర వచ్చేసరికి మామిడికాయ బండ్లు దామలచెరువు దారి పట్టి ఉంటాయి. ఆ రోజుల్లో హైదరాబాదులో చేపమందు కోసం జనం బారులు తీరతారు. మాకు మృగశిర అంటే ఉసుళ్లు. తొలివాన పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి లేస్తాయి, దీపం పెట్టి పట్టుకుని, రెక్కలు చెరిగేసి, బొరుగులతో కలిపి వేయిస్తాం. ఆగస్టు దాటితే గుట్టల మీద సీతాఫలాలు. ఈ నడుమ నెలల్లో చెరువులో నీళ్లు కొంచెం కొంచెం చేరతాయి, గాలం పట్టే పిల్లలు కట్ట మీద కనిపిస్తారు. వెదురుకొన, నైలాను దారం, తేలడానికి ఒక బెండుముక్క, కొక్కేనికి ఎర్ర. పేడకుప్ప కింద తవ్విన ఎర్రలు బాగా నిలుస్తాయి, ఊరికే తెగిపోవు. కొరమీనుకు ఎర్ర చాలదు, కప్పపిల్ల కావాలి. ఒక్కోసారి నీటి మీద ఎర్రటి గుంపు ఒకటి బంతిలాగా పైకి కిందికి కదులుతుంటుంది. అవి కొరమీను పిల్లలు. కిందే తండ్రి కాపలా ఉంటాడు. ఆ గుంపు దగ్గర గాలం వేస్తే ఆ తండ్రి కోపంతో వచ్చి కరుస్తాడు, సులువుగా దొరుకుతాడు. మా చిన్నాయన అక్కడ గాలం వెయ్యనిచ్చేవాడు కాదు. "ఆయప్పను పట్టేస్తే పిల్లలకెవురు దిక్కురా? సాయంత్రానికల్లా జెల్లలు దినేస్తాయి" అనేవాడు.

అసలు కాలం స్వాతి, విశాఖ కార్తెల్లో మొదలవుతుంది. మా వైపు నైరుతి సగం, ఈశాన్యం సగం. చెరువు నింపేది మాత్రం ఎక్కువగా ఈశాన్యమే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో లేచే వాయుగుండాలే. అవి ఒక్కో ఏడు రావు. వస్తే 2021 నవంబరులా వస్తాయి. ఆ ఏడు కళ్యాణీ డ్యాం గేట్లు ఎత్తారు, స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకైతే కింది పల్లెలను ఖాళీ చేయించారు. మాకూ భయమే. అయినా చెరువు మొరవ పోతోందని తెలిస్తే ఆ రాత్రి నిద్రపట్టదు. పొద్దున్నే గంగమ్మకు పసుపు కుంకుమ, పొంగలి. చేపలకు మాత్రం పండగ రాత్రే మొదలై ఉంటుంది.

నాకు పదేళ్లున్నప్పుడు ఆ రాత్రి మొదటిసారి చూశాను. చిన్నాయన టార్చిలైటు పట్టుకుని నన్ను మొరవ దగ్గరికి తీసుకుపోయాడు. రాళ్ల మీదుగా నీళ్లు దూకుతున్నాయి. ఆ చప్పుడులో మాట వినపడదు. ఆయన లైటు కిందికి తిప్పాడు. నురుగులో వెండి చెక్కుల్లాంటివి మెరిశాయి. పరిగెలు. వందలు. నీళ్ల దెబ్బకు వెనక్కి కొట్టుకుపోతాయి, రాతి పక్కన నీటి జోరు తగ్గిన చోట చేరి తోకలు ఆడిస్తూ నిలుస్తాయి, మళ్లీ ఒక్క ఉరుకు. తడిరాయి మీద పొట్టతో పాకినట్టు పోయేవాటిని కూడా చూశాను. ఒకటి నా కాలి మీద పడింది. రెండు చేతులా పట్టుకున్నాను. పొట్ట ఉబ్బి మెత్తగా ఉంది, కాస్త ఒత్తితే చాలు పసుపుపచ్చని గుడ్లు చిమ్మేలా.

"ఇడిసిపెట్రా అబ్బోడా" అన్నాడు చిన్నాయన చెవి దగ్గర వంగి. "కడుపుతో ఉండాది."

గోదావరి పులస గురించి తెలుగువాళ్లందరికీ తెలుసు. సముద్రం నుంచి ఎదురీది ధవళేశ్వరం దాకా వస్తుందని, దాని ధర ఇంతని, పేపర్లో ప్రతి ఏడూ రాస్తారు. మా పరిగె చేసే పనీ అదే. దాని ధర ఎవరూ రాయరు. వాన తెచ్చిన కొత్తనీటి వాసనకు అది పైకి బయల్దేరుతుంది. గడ్డి మునిగిన చోటు, లోతు తక్కువ, పెద్దచేపలు రాని చోటు వెతుక్కుని గుడ్లు పెడుతుంది. రోహిణిలో ఎండిపోయిన చెరువులోకి మళ్లీ చేప ఎక్కడిదని పట్నంవాళ్లు అడుగుతారు. కొంత బురదలో మిగిలింది. మిగతాది కింది నుంచి ఎక్కి వచ్చింది.

ఇప్పుడు మా చెరువులో చేపలు లేవని కాదు. తూకం వేస్తే అప్పటికంటే ఎక్కువే ఉంటాయి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త సూదిమందు వేసి పెద్దజాతి చేపలతో గుడ్లు పెట్టించారు. ఆ రోజునే దేశమంతా చేపరైతుల దినంగా జరుపుకుంటున్నారు. ఆ పని జరగకపోతే బొచ్చె, రోహు పిల్లలకోసం నదుల్లోనే వెతుక్కోవాలి. ఇవాళ ప్లాస్టిక్ సంచిలో నీళ్లూ ఆక్సిజనూ నింపి పిల్లలను లారీలో తెచ్చి చెరువులో వదులుతున్నారు. పేదల కంచంలోకి చేప వచ్చిందంటే అందులో ఆయన చలవ ఉంది. ఆ చేపలకు మొరవతో పనిలేదు. జిలేబికీ లేదు. 1952లో మన దేశానికి తెచ్చిన ఆ చేప చెరువు అడుగునే గుంట చేసుకుని గుడ్లు పెడుతుంది, తల్లి వాటిని నోట్లో దాచుకుని పొదుగుతుంది. దారి తెగినా దానికి పోయేదేం లేదు. దారి తెగితే పోయేది పరిగె, పక్కె, జెల్ల. ఎవరూ సంచిలో తెచ్చి వదలనివి.

దారి తెగడమంటే పెద్ద ఆనకట్టలే కట్టనక్కర్లేదు. మా రెండు చెరువుల నడుమ వంక మీద మట్టిరోడ్డుకు ఒక కల్వర్టు వేశారు. ఆ రోడ్డు మాకు అవసరమే, పాలబండి దాని మీదే వస్తుంది. పైపు వెయ్యడంలోనే పొరపాటు జరిగింది. కిందిమూతి వంక మట్టానికి మోకాలెత్తు పైన ఉంది. నీళ్లు దాంట్లోంచి ధారగా దూకి కింద గుంట చేశాయి. ఆ గుంటలో చేపలు చేరతాయి, ఎగురుతాయి, సిమెంటు అంచుకు తగిలి పడతాయి. కొంగలకు ఆ సంగతి తెలిసిపోయింది, తెల్లారేసరికి వరసగా నిలబడి ఉంటాయి. మనుషులకూ తెలిసింది. దోమతెర అడ్డం పెడితే గంటలో బక్కెట నిండుతుంది. ప్రతి చేపా కడుపుతోనే ఉంటుంది.

మా అక్క కొడుకు కెనడాలో, ఒంటారియోలో ఉంటాడు. చలికాలం సిమ్‌కో సరస్సు గడ్డకడితే దాని మీద నడిచిపోయి, మంచుకు బొక్కపెట్టి గాలం వేస్తున్న వీడియో పంపాడు. మా ఇంట్లో అందరికీ అది వింత. చిన్నాయనకు మాత్రం ఆ మంచు కంటే వాడు చెప్పిన ఇంకో మాట నచ్చింది. అక్కడ గాలం వెయ్యాలన్నా లైసెన్సు ఉండాలి, గుడ్లు పెట్టే కాలంలో ఆ జాతిని ముట్టకూడదు. వాలై అనే చేపనైతే చాలాచోట్ల వసంతమంతా, మే మూడో శనివారం దాకా పట్టనివ్వరు. 1868 నాటి నుంచి ఉన్న వాళ్ల చేపల చట్టంలో ఇప్పుడు చేప ఎక్కే దారికి కట్టడాలు అడ్డం రాకూడదన్న సంగతీ ఉంది, వంక మీద పైపు వేసేటప్పుడు కూడా దాన్ని చూసుకోవాలి. మనకు సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేటనిషేధం ఉంది, జాలర్లు దాన్ని కష్టపడి పాటిస్తున్నారు. చెరువు మొరవ దగ్గర ఒక్క నాలుగు రాత్రులు ఆగమని అడగడం పెద్ద కోరికేం కాదని నా నమ్మకం. ఆ నాలుగు రాత్రులు దాటాక సంక్రాంతి దాకా తినడానికి చేపే చేప.

అప్పటి చేప రుచి వేరు. మార్గశిరానికి నీళ్లు తేరుకుంటాయి, తూము దగ్గర అడుగు కనిపిస్తుంది, లకుముకిపిట్ట తుమ్మకొమ్మ మీద నుంచి నిట్టనిలువునా పడి లేస్తుంటుంది. విసురువల పొద్దున్నే వేస్తారు. బూడిదతో రుద్ది, బండ మీద పొలుసు పోగొట్టి, మట్టిచట్టిలో చింతపండు పులుసు మరిగాక ముక్కలు వెయ్యాలి. గరిటె పెట్టకూడదు, చట్టి అంచులు పట్టి తిప్పాలి. మా అమ్మ వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగులు నాలుగు పడేసేది. ఆ రాత్రి తినేవాళ్లం కాదు. మర్నాడు పొద్దున, పులుసు చట్టికి పట్టి, మీద నూనె తేలాక, వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి పోసుకునేవాళ్లం.

పోయిన కార్తీకంలో మొరవ పోయిన రాత్రి నేను ఊళ్లోనే ఉన్నాను. చిన్నాయనకు డెబ్బై దాటింది. కల్వర్టు పైపును మేం పగలగొట్టలేం. అందుకని నాలుగురోజుల ముందే, వంకలో నీళ్లు లేనప్పుడు, ఆయన చెబుతుంటే నేనూ ఇద్దరు పిల్లలూ రాళ్లు మోశాం. పైపు మూతి కింద పెద్దరాళ్లు, వాటి ముందు ఇంకొంచెం చిన్నవి, మెట్లుమెట్లుగా. ఒక్కో రాయి వెనక చేప ఆగి ఊపిరి తీసుకోను అరచేయంత చోటు. నీళ్లు వచ్చాక మూడు రాళ్లు కొట్టుకుపోయాయి. మిగతావి నిలిచాయి.

రాత్రి పదిగంటలకు అక్కడే కూర్చున్నాం. మొదట ఏమీ కనపడలేదు. తరవాత పైరాయి పక్కన ఒక మెరుపు. ఎగిరింది, అంచుకు తగిలి పడింది. మళ్లీ ఎగిరింది, పడింది. మూడోసారి పడిన చప్పుడు వినపడలేదు. నేను లేచి పైపు అవతలి మూతి దగ్గరికి పోబోయాను.

చిన్నాయన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, టార్చి ఆర్పేశాడు.

"ఎలుతురుకు బెదురుతాయిరా" అన్నాడు. "పోనీ."