నైట్ షిఫ్ట్ అయిపోయిన గది

మా నాన్న పడకగదిని బాగు చేయించడానికి నేను కేటాయించిన బడ్జెట్ 8,000 రూపాయలు. ఆ అంకె విన్న పెయింటర్ ఏమీ అనలేదు. గోడ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి తాపీగా బీడీ వెలిగించుకున్నాడు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, స్మృతి నగర్‌లో ఉంది మా ఇల్లు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకుంది. ఆ పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఎన్నో. నాన్న 1978లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి కోక్ ఓవెన్స్‌లో చేరారు. 1999లో సెక్టార్ క్వార్టర్ వదిలి సొంతింటికి మారాం. క్వార్టర్లో గోడలు కంపెనీవి. ఇక్కడ గోడలు మావే, వాటికి పట్టే చెమ్మా మాదే.

కోక్ ఓవెన్స్‌కు సెలవులుండవు. సిలికా ఇటుకలతో కట్టిన ఆ బట్టీలు ఒకసారి వేడెక్కాక చల్లారకూడదు, చల్లారితే ఇటుకలు పగులుతాయి. అందుకే షిఫ్టులు ఆగవు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి పట్టపగలు నిద్రపోవాలి కాబట్టి అమ్మ ఆ గదిలోకి వెలుతురే రానివ్వలేదు. కిటికీకి పాత ముదురాకుపచ్చ దుప్పటిని రెండు మడతలు వేసి కర్టెన్‌గా కుట్టింది. ఆ వారాల్లో మేం ముని వేళ్ల మీద నడిచేవాళ్లం. కుక్కర్ కూత వేసే లోపే అమ్మ స్టవ్ తగ్గించేది.

నాన్న 2015లో రిటైరయ్యారు, గది మాత్రం కాలేదు. రెండేళ్ల క్రితం అమ్మ పోయాక ఆయన నిద్ర పూర్తిగా తలకిందులైంది. పగలంతా ఆ చీకట్లో పడుకోవడం, రాత్రంతా వరండాలో కూర్చోవడం. సెలవు పెట్టి వచ్చిన నాకు మొదట కనిపించినవి కిటికీ పక్క ఉబ్బి రాలుతున్న సున్నం, మిణుకుమంటున్న ట్యూబ్‌లైటు. ఆయన నిద్ర గురించి అర్థమయ్యేసరికి వారం పట్టింది.

ప్లాస్టిక్ ప్యానెళ్లు బిగిస్తే చెమ్మ కనపడదని ఒకరు సలహా ఇచ్చారు. ఖర్చు బడ్జెట్‌కు రెట్టింపు. పైగా, రాజనీతి శాస్త్రంలో ఎమ్మే చేసినదాన్ని. సమస్యను తీర్చకుండా కనపడకుండా చేసే పద్ధతి గురించి చాలానే చదివాను. మేస్త్రీని పిలిచి బయట వెతికిస్తే కిటికీ పైన సజ్జకు వేలెడు పగులు దొరికింది. వాన నీళ్లు లోపలికి దిగుతున్నది అక్కడి నుంచే. ముందు దాన్ని పూడ్పించి, రాలిన చోట గోడ గీకించి, కొత్త ప్లాస్టర్ ఆరేదాకా పది రోజులు ఆగాం.

లెక్క ఇదీ: మేస్త్రీకి, సిమెంట్‌కు 1,900. పుట్టీ, ప్రైమర్, లేత పసుపు డిస్టెంపర్‌కు 2,400. పెయింటర్‌కు రెండు రోజుల కూలి 1,500. ఎల్ఈడీ బల్బులకు, స్విచ్చికి 450. సుపేలా మార్కెట్లో కొన్న పల్చటి నూలు కర్టెన్‌కు, రెండో రాడ్డుకు 1,100. పాత టేకు మంచాన్ని నేనే గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేశాను, దానికి 350. మొత్తం 7,700. మంచం తల దిక్కు మార్చి కిటికీకి ఎదురుగా వేయడానికి పైసా ఖర్చు కాలేదు.

చిక్కంతా దుప్పటి కర్టెన్ దగ్గరే వచ్చింది. తీసేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు.

"ఎలుగొస్తే నాకు నిద్దరెలా పడతాదమ్మా?"

"పగలు నిద్ర పట్టకూడదనే కదా నాన్నా ఇదంతా!"

"అది మీ అమ్మ కుట్టినాది" అన్నారు.

ఇక వాదించలేదు. దాన్ని ఉతికి, కొత్త కర్టెన్ వెనక రెండో రాడ్డుకు తగిలించాను. ఏది వేయాలో, ఏది తీయాలో ఆయన ఇష్టం.

రంగు వేసే రోజు ఆ కర్టెన్ పక్కకు తీసినప్పుడు, కిటికీ వారగా గోడ మీద పెన్సిల్ గీతలు బయటపడ్డాయి. తేదీలు, వాటి పక్కన ఒక్కో అక్షరం. 'న' అంటే నైట్. ఏ వారం పిల్లలు చప్పుడు చేయకూడదో అమ్మ రాసి పెట్టుకున్న పట్టీ అది. పెయింటర్‌కు తెలుగు రాకపోయినా బ్రష్ ఆపి నా వంక చూశాడు. ఆ కాస్త మేర వదిలేయమని చెప్పబోయాను.

నాన్న దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని ఆ గీతలు ఆసాంతం చదివారు.

"పూసెయ్యమను. ఆ డూటీ అయిపోనాది" అన్నారు.

ఆ రాత్రి పదింటికే ఆయన గదిలో లైటు ఆరింది. పొద్దున్న ఆరింటికి టీ పట్టుకెళితే దుప్పటి కర్టెన్ సగం దాకా జరిపి ఉంది. మిగతా సగం నేను ముట్టుకోలేదు.