ఉక్కులో బుడగ, ఒంట్లో నెత్తురు

జంషెడ్‌పూర్‌లో సాక్చి బజారు వెనక సందులో ఉన్న ఆ షెడ్డుకి బోర్డు లేదు. బెంచీ మీద రెండు ఉక్కు పలకల్ని అతికిన వెల్డింగు ముక్క ఉంది. శ్రీకాకుళం జిల్లా నుంచి తాతల కాలంలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబంలోని ఇన్‌స్పెక్టరు దాని మీద కాస్త నూనె పూసి, బొటనవేలంత ప్రోబు ఆనించి మెల్లగా జరిపాడు. చేతిపెట్టె తెర మీద ఉన్నట్టుండి ఒక గీత లేచింది.

"అదిగో, లోపల బుడగుంది. పైకి సూస్తే ఏటీ తెలీదు," అన్నాడు. సుద్దతో చుట్టూ గీసి, ముక్కను పక్కన పడేశాడు. చూడ్డానికి రెండు నిమిషాలు పట్టింది. తేల్చడానికి అదీ పట్టలేదు.

పక్కనే స్టూలు మీద ఆయన బావ కూర్చుని ఉన్నాడు. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి. "మా కాడా ఇదే పని. నూనె బదులు జెల్లు, అంతే," అన్నాడు.

గాయపడ్డ సైనికుల మీద అల్ట్రాసౌండ్ ఎలా వాడతారో తెలుసుకోవాలని బయల్దేరి నేను ఈ ఉక్కు ఊరికి రావడానికి కారణం ఈ పోలికే. ధ్వని ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోతుంది, మెత్తటి కండలో 1,540. మధ్యలో గాలి అడ్డొస్తే దాదాపు మొత్తం వెనక్కి తిరుగుతుంది కాబట్టే ఇక్కడ నూనె, అక్కడ జెల్లు. పొట్ట చూసే ప్రోబూ, వెల్డింగు చూసే ప్రోబూ సాధారణంగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్‌ మధ్యే పనిచేస్తాయి.

అసలు ముందు పుట్టింది లోహపు యంత్రమే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ 1940లో దానికి పేటెంటు అడిగాడు, 1942లో వచ్చింది. ఆ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే ఇక్కడి కొలిమిలో కాగిన కవచపు పలకల్ని తొడుక్కుని 'టాటానగర్' అనే సాయుధ వాహనాలు వేల సంఖ్యలో తయారయ్యాయి. యుద్ధంతో ఈ ఊరి చుట్టరికం అంతకన్నా పాతది. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపటేమియాలో సైన్యానికి కావలసిన రైలు పట్టాలు ఇక్కణ్ణుంచే వెళ్ళాయి. దానికి కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి పేరును జంషెడ్‌పూర్‌గా మార్చాడు. పాతపేరు పేటకి మిగిలింది.

లోహం నుంచి ఒంటికి మారిన కథలో నాకు బాగా నచ్చే ఘట్టం 1955 జులైలో జరిగింది. ఇయన్ డోనల్డ్ గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు, వైమానిక దళంలో చేసినవాడు, రాడార్ గురించి తెలిసినవాడు. ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కార్లలో వేసుకుని, రెన్‌ఫ్రూలో బాయిలర్లు చేసే బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ కర్మాగారానికి వెళ్ళాడు. పోల్చి చూడ్డానికి కర్మాగారం వాళ్ళు పెద్ద గొడ్డుమాంసపు ముక్క సిద్ధంగా ఉంచారు! వెల్డింగులు తనిఖీ చేసే యంత్రమే నీటితిత్తికీ గట్టి గడ్డకీ తేడా చూపించింది. 1958లో 'లాన్సెట్' పత్రికలో ఆయన బృందం వ్యాసం వచ్చింది. తర్వాత గర్భిణుల స్కానింగ్‌గా అది ఇంటింటికీ తెలిసింది.

యుద్ధానికి కావలసింది వేరు. బావగారు బావమరిదిని బెంచీ మీద పడుకోబెట్టి చొక్కా ఎత్తించాడు. "నాలుగు సోట్లు సూడాలి," అంటూ వేలితో చూపించాడు. కాలేయానికీ కుడి మూత్రపిండానికీ నడుమ సందు, ఎడమవైపు ప్లీహం చుట్టూ, పొత్తికడుపు అడుగున, గుండె చుట్టూ ఉన్న పొర. నెత్తురు చేరితే తెర మీద నల్లగా కనబడుతుంది. ఈ పరీక్షకి 1990లలో 'ఫాస్ట్' అని పేరొచ్చింది. తర్వాత ఊపిరితిత్తుల్నీ కలిపి 'ఇ-ఫాస్ట్' అన్నారు. ఊపిరి తీసినప్పుడు పొర జారుతున్నట్టు కనబడకపోతే అక్కడ గాలి చేరిందని అనుమానిస్తారు.

పెద్దాసుపత్రిలో రేడియాలజిస్టు ఏమేమి ఉన్నాయో రాసి రిపోర్టు ఇస్తాడు. యుద్ధరంగపు గుడారంలో డాక్టరు అడిగేది ఒకటే: నెత్తురు ఉందా, లేదా? ఉంటే ఇతను ముందు టేబులెక్కుతాడు. సుద్దగీత గీసే ఇన్‌స్పెక్టరు ప్రశ్నా అదే. యంత్రం చిన్నదవడం కన్నా ప్రశ్న చిన్నదవడమే పెద్ద మార్పని నాకనిపిస్తుంది.

యంత్రమూ చిన్నదయింది, కాదనను. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో మొదలైన పని నుంచి సోనోసైట్ కంపెనీ పుట్టి, 1999లో సుమారు రెండున్నర కిలోల యంత్రం తెచ్చింది. దానికి ముందే ఈ పద్ధతి నిలబడుతుందని తెలిసింది. 1988 డిసెంబరులో ఆర్మేనియా భూకంపం తర్వాత వైద్యులు 72 గంటల్లో 400 మంది క్షతగాత్రుల్ని అల్ట్రాసౌండ్‌తో జల్లెడ పట్టారు. 1990లలో క్రొయేషియా యుద్ధ క్షతగాత్రుల మీదా వాడారు. 2003 తర్వాత ఇరాక్‌లో సర్జరీ బృందాల దగ్గర చేతి యంత్రాలు మామూలయ్యాయి. సాక్చి పట్టాలు వెళ్ళిన మెసపటేమియా అంటే ఆ ఇరాకే.

మన దగ్గర మాత్రం ఒక చిక్కుంది. సాక్చిలో ఏ స్కానింగ్ సెంటర్ ముందు ఆగినా లింగ నిర్ధారణ చేయబడదన్న బోర్డు ఉండాల్సిందే. దాన్ని నిషేధించే 1994 చట్టం కింద ప్రతి యంత్రాన్నీ నమోదు చేయించాలి. 2012లో వచ్చిన నిబంధనతో చేతిలో పట్టే యంత్రాన్ని నమోదైన ఆవరణలో, లోపలి రోగులకే వాడాలి, లేదా ఇతర సేవలూ ఇచ్చే సంచార వైద్య వాహనంలో వాడాలి. ఆడపిల్లల్ని కడుపులోనే చంపుకున్న సమాజానికి ఆ కట్టడి తప్పలేదు. కానీ లారీ గుద్దిన మనిషి పక్కన, రోడ్డు మీదే ప్రోబు ఆనించే వీలు మాత్రం అంత సులువుగా రాదు.

"మరి స్కాన్‌లో ఏటీ లేదంటే వదిలేత్తారా బావా?" చొక్కా దించుకుంటూ ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"ఉక్కుకి ఒకపాలి సూస్తే సరి. మనిషి అలాక్కాదు గదా," అన్నాడు బావ. మొదట్లో నెత్తురు కొద్దిగానే ఉంటే తెరకి అందదు. పేగు చిల్లుపడితే ఫాస్ట్ చెప్పలేకపోవచ్చు. బులెట్ గాయాల్లో 'లేదు' అన్న జవాబుని నమ్మేసి ఊరుకోరు. అందుకని కార్డు మీద టైము రాసి, నాడి, బీపీ చూస్తూ, కాసేపాగి మళ్ళీ అవే నాలుగు చోట్లా ప్రోబు పెడతారు.